గిటార్ ఆంప్లిఫయర్‌లో పవర్ ట్యూబులు మార్చడం: ఊడదీయడం తేలిక, బయాస్ కుదర్చడమే పని

పాత పవర్ ట్యూబులు (స్పీకర్‌ను నడిపే పెద్ద ట్యూబులు) ఊడదీసి కొత్తవి పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. అసలు శ్రమ అంతా దానికి ముందు కెపాసిటర్లలో నిలిచిన విద్యుత్తును ఖాళీ చేయడంలోనూ, తరువాత బయాస్, అంటే సంకేతం లేనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే వోల్టేజీ, కొలిచి సరిచేయడంలోనూ ఉంటుంది. ఈ రెండింటిలో మొదటిది వదిలేస్తే ప్రాణానికి ముప్పు, రెండవది వదిలేస్తే కొన్న ట్యూబులకు ముప్పు. ఇక్కడ ఉదాహరణగా 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం800 శ్రేణిలోని 2204 హెడ్‌ను (స్పీకర్ లేని విడి ఆంప్‌ను) తీసుకుంటున్నాను. ఇది రెండు ఈఎల్34 ట్యూబులతో పనిచేసే 50 వాట్ల ఆంప్. బయాస్ సరిచేసే ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నియంత్రణ) ఛాసిస్ అనే లోహపు చట్రం లోపల ఉంటుంది కాబట్టి దీన్ని విప్పక తప్పదు.

ముందుగా తప్పు పవర్ ట్యూబులదేనని తేల్చుకోవాలి. బేస్ స్వరాలు పట్టు తప్పి వదులుగా వినిపించడం, శబ్దం క్రమంగా తగ్గిపోవడం, హమ్ పెరగడం, హెచ్‌టీ (ట్యూబులకు వెళ్లే అధిక వోల్టేజీ) ఫ్యూజు మళ్లీ మళ్లీ పోవడం వాటి లక్షణాలు. పెన్సిల్‌తో తట్టినప్పుడు స్పీకర్‌లో గంట మోగినట్టు వినిపిస్తే అది చాలాసార్లు గిటార్ సంకేతాన్ని మొదట పెంచే చిన్న ప్రీఆంప్ ట్యూబు దోషమే అయి ఉంటుంది, దానికి బయాస్ గొడవ లేదు. ఒక ట్యూబు షార్టయి ఫ్యూజు పోయిన ఆంప్‌లో కొత్త ట్యూబులు పెట్టే ముందు, సాకెట్ నాలుగో పిన్నుకు కలిపి ఉన్న 1 కిలో ఓమ్ స్క్రీన్ రెసిస్టర్లు కాలిపోలేదని మీటర్‌తో చూసుకోవాలి. అది చూడకుండా కొత్త జత పెడితే సగం ఆంప్ మాత్రమే పనిచేస్తుంది, నింద మాత్రం ట్యూబుల మీద పడుతుంది.

కొనేటప్పుడు మ్యాచ్ చేసిన జతనే, అంటే ఒకే రకంగా కరెంటు తీసుకునేవని కొలిచి కలిపిన రెండింటినే, తీసుకోవాలి. పాతవి ఏ రకమో చూడకుండా, సాకెట్‌లో పడుతోంది కదా అని మరో రకం పెట్టకూడదు. ఈఎల్34 హీటర్‌కు (ట్యూబును లోపలి నుంచి వేడిచేసే తీగకు) 1.5 ఆంపియర్లు కావాలి, 6ఎల్6 అనే మరో రకం పవర్ ట్యూబుకు 0.9 చాలు. 6ఎల్6 కోసం కట్టిన ఆంప్‌లో ఈఎల్34 పెడితే ఆ అదనపు భారమంతా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. అమెరికాలో అమ్మిన మార్షల్ ఆంపులలో కొన్నిటికి 6550 ట్యూబులు అమర్చేవారు. బంధువులు అక్కడి నుంచి తెచ్చిన హెడ్ మీ దగ్గర ఉంటే, వెనక వోల్టేజీ సెలెక్టర్ 120 మీద ఉందో 230 మీద ఉందో చూడడంతో పాటు లోపల ఏ ట్యూబుకు తగ్గట్టు బయాస్ సర్క్యూట్ కట్టారో కూడా చూసుకోవాలి.

ఇక జాగ్రత్త సంగతి. ఈ ఛాసిస్ లోపల 450 వోల్టుల పైచిలుకు డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో అది నిలిచి ఉండవచ్చు. ప్లగ్‌ను గోడ సాకెట్ నుంచి పూర్తిగా తీసి, గాజు చల్లారేదాకా ఆగి, ఆ తరువాత ఛాసిస్ బయటికి తీయాలి. 10 కిలో ఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న తీగలు, క్రొకడైల్ క్లిప్పులు కట్టుకోండి. ఒక కొసను ముందుగా ఛాసిస్‌కు తగిలించి, రెండో కొసను ఒక్క చేత్తోనే పట్టుకుని ప్రతి ఫిల్టర్ కెపాసిటర్ పాజిటివ్ కొసకు అర నిమిషం తాకించాలి. ఆ సమయంలో రెండో చెయ్యి జేబులో ఉండడం మంచిది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే పాత అలవాటు వద్దు, దాని నిప్పురవ్వ కెపాసిటర్‌కూ కంటికీ మంచిది కాదు. చివరికి మీటర్ పెట్టి ప్రతి చోటా ఒకటి రెండు వోల్టులకు మించి లేదని చూశాకే లోపల వేళ్లు పెట్టాలి. ఈ అంకె చూసేందుకు మీటర్ లేకపోయినా, వాడడం తెలియకపోయినా ఈ పనిని తెలిసిన టెక్నీషియన్‌కు అప్పగించడమే సరైనది.

ట్యూబును గాజు దగ్గర కాకుండా అడుగున ఉన్న బేస్ దగ్గర పట్టుకుని, కొద్దిగా అటూ ఇటూ కదిలిస్తూ నిటారుగా పైకి లాగాలి. సాకెట్ రంధ్రాలలో నల్లని పొర కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది ప్రతిసారీ చేయదగిన పనే.

కొత్త ట్యూబులు పెట్టే ముందు చాలామంది దాటవేసే పరీక్ష ఒకటుంది. ట్యూబులు లేకుండానే ఆంప్ ఆన్ చేసి, రెండు సాకెట్లలోనూ ఐదో పిన్నుకు నెగెటివ్ వోల్టేజీ వస్తోందా అని చూడాలి. పిన్నులను కింది వైపు నుంచి, మధ్యనున్న గాడి దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు దిశలో లెక్కపెట్టాలి. మూడో పిన్ను మీద పూర్తి హెచ్‌టీ ఉంటుంది, మీటర్ మొన అటు జారకూడదు. ఐదో పిన్ను మీద 40 వోల్టులకు అటూ ఇటూగా నెగెటివ్ కనిపిస్తే ప్రీసెట్‌ను ఆ అంకె వీలైనంత ఎక్కువ నెగెటివ్‌కు వెళ్లే వైపు తిప్పి ఉంచండి. ఏదో ఒక సాకెట్‌లో సున్నా కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి, ఆ స్థితిలో పెట్టిన ట్యూబు నిమిషాల్లో కాలిపోతుంది.

ఆంప్ ఆపి, కెపాసిటర్లు మళ్లీ ఖాళీ చేసి, ట్యూబులను బయాస్ ప్రోబులతో కలిపి పెట్టాలి. ప్రోబు అంటే ట్యూబుకూ సాకెట్‌కూ మధ్య కూర్చునే అడాప్టర్. దానిలోని 1 ఓమ్ రెసిస్టర్ మీద మీటర్ చూపే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీఆంపియర్‌కు సమానం. స్పీకర్ కేబినెట్ తగిలించకుండా స్టాండ్‌బై (హెచ్‌టీని ఆపి ఉంచే స్విచ్) తీయవద్దు, లోడ్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. వాల్యూములన్నీ సున్నాలో పెట్టి, హీటర్లను ఒకటి రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి, అప్పుడు స్టాండ్‌బై తీయాలి.

లెక్క ఇలా వేయాలి. ఈఎల్34 ప్లేట్ (ట్యూబు లోపల కరెంటు చేరే లోహపు రేకు) గరిష్ఠంగా 25 వాట్లు భరిస్తుంది. సంకేతం లేనప్పుడు అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు మించకూడదన్నది టెక్నీషియన్ల వాడుక. ప్లేట్ మీద 460 వోల్టులు ఉంటే 17.5ను 460తో భాగించగా 38 మిల్లీఆంపియర్లు వస్తుంది. నా అభిప్రాయంలో 33, 35 దగ్గర ఆపడమే మేలు, ధ్వనిలో తేడా స్వల్పం, ట్యూబు మాత్రం ఎక్కువ కాలం ఉంటుంది. ప్రీసెట్ తిప్పి కరెంటు పెంచినకొద్దీ ప్లేట్ వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ రెండూ కొలిచి మళ్లీ లెక్కించాలి. మన దగ్గర సాయంత్రం 215 వోల్టులున్న లైను అర్ధరాత్రికి 245 దాకా ఎక్కవచ్చు. లైను తక్కువగా ఉన్నప్పుడు 38 దగ్గర పెట్టిన ఆంప్ ఎక్కువైనప్పుడు హద్దు దాటుతుంది, అందుకే గోడ సాకెట్ వోల్టేజీని కూడా కొలిచి రాసిపెట్టుకోవాలి.

రెండు ట్యూబుల మధ్య రెండు మూడు మిల్లీఆంపియర్ల తేడా ఉంటే పట్టించుకోనక్కర లేదు. అంతకు మించితే ఆంప్ ఆపి, ట్యూబులు చల్లారాక వాటి చోట్లు మార్చి చూడాలి. ఎక్కువ అంకె ట్యూబుతో పాటు కదిలితే ట్యూబుది, సాకెట్ దగ్గరే ఉండిపోతే సర్క్యూట్‌ది దోషం. ఆ పైన గదిలో దీపాలు ఆర్పి పావుగంట గమనించండి. గాజు లోపలి అంచున కనిపించే నీలి వెలుగు సహజమే. బూడిద రంగు ప్లేటు మీద ఎర్రని మచ్చ తేలితే మాత్రం వెంటనే ఆపేయాలి.

వాక్స్ ఏసీ30 వంటి కాథోడ్ బయాస్ (బయాస్ తనంతట తానే కుదురుకునే) ఆంపులలో సరిచేసే ప్రీసెట్ ఉండదు, మ్యాచ్ చేసిన నాలుగు ఈఎల్84లు పెట్టి ప్లేట్లు ఎర్రబడడం లేదని చూస్తే చాలు. వాటి తొమ్మిది సన్నని పిన్నులు నేరుగా గాజులోంచే వస్తాయి కాబట్టి వంకరగా తోస్తే గాజు బీట వేస్తుంది. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఈఎల్84లు పాత రేడియో దుకాణాలలో ఇప్పటికీ ఎదురవుతుంటాయి, టెస్టర్ మీద చూసి తీసుకుంటే అవి పనికొచ్చే సరుకే.

కొన్ని గంటలు వాయించాక బయాస్‌ను మరొకసారి కొలవాలి, కొత్త ట్యూబుల అంకె మొదట్లో కొంత మారుతుంది. అంకె నిలకడగా ఉందని తేలాకే ప్రోబులు తీసి, ఛాసిస్ బిగించి, వెనక ప్యానెల్ మీద రాసిన విలువ గల హెచ్‌టీ ఫ్యూజులు రెండు దగ్గర ఉంచుకోండి.