గోయిచాలా ట్రెక్ ఫొటోలు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎందుకు, ఏం చేయాలి

పశ్చిమ సిక్కింలోని యుక్సోమ్ నుంచి గోయిచాలా కనుమ వైపు వెళ్లే ట్రెక్‌కు ఎనిమిది నుంచి పదకొండు రోజులు పడుతుంది. సుమారు 1,780 మీటర్ల ఎత్తులో నడక మొదలవుతుంది. సాచెన్ అడవి, త్షోకా, జోంగ్రి, థన్సింగ్, లామునే దాటి 4,600 మీటర్ల దగ్గరున్న మొదటి వ్యూ పాయింట్‌కు చేరేసరికి ఎదురుగా 8,586 మీటర్ల కాంచనగంగ, కుడివైపు 6,691 మీటర్ల పండిమ్ కనిపిస్తాయి. అంత కష్టపడి వెళ్లాక ఫొటోలు పాడైతే ఎవరికైనా బాధే.

అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పే సమస్యలు దాదాపు ఒకేలా ఉంటాయి. చాలామంది తప్పంతా కెమెరాదే అనుకుంటారు. కానీ తెల్లవారుజామున వ్యూ పాయింట్ దగ్గర బయటపడే సమస్యల్లో ఎక్కువ భాగం ముందు రోజు సాయంత్రం టెంట్‌లోనే మొదలవుతాయి. ఎండకు ఫోన్ వేడెక్కడం మనకు అలవాటే గానీ, చలికి ఆగిపోవడం మన ఊళ్లలో ఎప్పుడూ చూడం. అందుకే కారణం అంత తేలిగ్గా తట్టదు.

"రాత్రి 60 శాతం ఉంది, పొద్దున ఆన్ చేయగానే ఆగిపోయింది"

బ్యాటరీ నిజంగా ఖాళీ అయిపోలేదు. లిథియం అయాన్ బ్యాటరీ బాగా చల్లబడితే లోపలి రసాయన చర్య నెమ్మదిస్తుంది, అంతర్గత నిరోధం పెరుగుతుంది. కెమెరా ఒక్కసారిగా కరెంటు లాగగానే వోల్టేజ్ పడిపోతుంది. బ్యాటరీ అయిపోయిందనుకుని కెమెరా ఆగిపోతుంది. అదే బ్యాటరీని చొక్కా లోపలి జేబులో కాసేపు పెట్టుకుంటే చాలావరకు మళ్లీ పనిచేస్తుంది.

కాబట్టి సాయంత్రం క్యాంప్‌కు చేరగానే కెమెరాలోంచి బ్యాటరీ తీసేయండి. స్పేర్ బ్యాటరీలు, ఫోన్, పవర్ బ్యాంక్ అన్నీ ఒక మేజోడులో వేసి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి. నడిచేటప్పుడు స్పేర్లు ఒంటికి ఆనుకుని ఉండే జేబులో ఉండాలి. బ్యాగ్ పై అరలో పెడితే లాభం లేదు. బ్యాటరీల మీద 1, 2, 3 అని మార్కర్‌తో రాసుకుంటే ఏది వాడింది, ఏది నిండుగా ఉంది అన్న టెన్షన్ ఉండదు.

యుక్సోమ్ దాటాక చార్జింగ్ మీద ఆశ పెట్టుకోకండి. సోలార్ ప్యానెల్ మంచి ఆలోచనే గానీ, ఈ దారిలో మొదటి రోజులు దట్టమైన అడవిలో గడుస్తాయి, మధ్యాహ్నాలు తరచు మబ్బు కమ్ముతుంది. నా మట్టుకు నేను ప్యానెల్ బరువుకు బదులు ఇంకో రెండు బ్యాటరీలు తీసుకెళ్లమంటాను. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, కెమెరాలో వైఫై, బ్లూటూత్ ఆపేయండి. మిర్రర్‌లెస్ కెమెరా అయితే ఫొటో తీయగానే స్విచ్ ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి.

ఇంకో జాగ్రత్త ఉంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుపోయి బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. ముందు వెచ్చబడనిచ్చి, తర్వాతే కేబుల్ పెట్టండి. హైదరాబాద్ నుంచి బాగ్‌డోగ్రాకు విమానంలో వెళ్తుంటే పవర్ బ్యాంక్, విడి బ్యాటరీలు క్యాబిన్ బ్యాగ్‌లోనే ఉండాలి, చెక్ ఇన్ సామానులో పెట్టనివ్వరు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్ అవర్లకు సమానం, 100 పరిమితికి లోపలే ఉంటుంది.

"లెన్స్ లోపల మంచు పట్టినట్టు మసక, తుడిచినా పోవడం లేదు"

తేమ ఉన్న వెచ్చటి గాలి చల్లటి గాజుకు తగిలితే నీటి ఆవిరి బిందువులై అంటుకుంటుంది. రోజంతా చలిలో తిరిగిన కెమెరాను నేరుగా కిచెన్ టెంట్‌లోకి తీసుకెళ్తే జరిగేది ఇదే. లోపల స్టవ్ మీద అన్నం ఉడుకుతుంటుంది, పదిమంది ఊపిరి ఉంటుంది, టీ ఆవిరి ఉంటుంది.

లోపలికి వెళ్లకముందే, బయట చలిలో ఉండగానే కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి, గాలి తీసేసి మూసేయండి. అప్పుడు తేమ కవర్ పైన పడుతుంది, కెమెరా మీద పడదు. లోపల కెమెరా మెల్లగా వెచ్చబడ్డాకే కవర్ విప్పాలి. అప్పటిదాకా ఫొటోలు చూసుకోవాలన్న ఆత్రం ఆపుకోక తప్పదు.

బ్యాటరీలతో పాటు కెమెరాను కూడా స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకునేవాళ్లుంటారు. ప్రేమతో చేసే పనే గానీ దానివల్ల నష్టమే ఎక్కువ. రాత్రంతా చెమట, ఊపిరి తేమ కెమెరాలో చేరుతుంది. పొద్దున చలిలోకి తీయగానే ఆ తేమ లెన్స్ లోపలి వైపు పేరుకుంటుంది, అక్కడికి గుడ్డ చేరదు. బ్యాటరీ, మెమరీ కార్డు మీతో ఉంచుకోండి. కెమెరా, లెన్స్ బ్యాగ్‌లోనే చల్లగా ఉండనివ్వండి. లెన్స్ ముందు గాజు మీద తెల్లగా మంచు పొర కడితే నోటితో ఊదొద్దు, ఆ ఊపిరి కూడా గడ్డకడుతుంది. బ్లోయర్‌తో ఊది, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవండి.

"కాంచనగంగ తెల్లగా మాడిపోయింది" / "మంచంతా బూడిద రంగులో వచ్చింది"

రెండూ వేరువేరు ఫిర్యాదుల్లా ఉంటాయి గానీ మూలం ఒక్కటే. కెమెరాలోని లైట్ మీటర్ ఫ్రేమ్‌లోని వెలుగును లెక్కగట్టి, అంతా కలిసి మధ్యరకం బూడిద స్థాయికి వచ్చేలా చూస్తుంది. కొత్త కెమెరాలు, ఫోన్లు కొంత తెలివిగా సర్దుకుంటాయి. అయినా కొండల మీద వాటికీ తరచు లెక్క తప్పుతుంది.

తెల్లవారుజామున ఏం జరుగుతుందో చూడండి. లామునే నుంచి రాత్రి రెండు మూడు గంటలకు హెడ్‌ల్యాంప్ వేసుకుని బయల్దేరి, సమితి సరస్సు పక్క నుంచి ఎక్కి వ్యూ పాయింట్ చేరతారు. చుట్టూ ఇంకా చీకటే. సూర్యకాంతి అన్నిటికంటే ఎత్తయిన శిఖరాన్ని ముందుగా తాకి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. అంటే ఫ్రేమ్‌లో ఓ మూల మాత్రం వెలుగు, మిగతాదంతా నలుపు. ఆ నలుపును చూసి మీటర్ ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి తీసుకునే వెలుగు) పెంచేస్తుంది. వెలిగే శిఖరం తెల్లగా మాడిపోతుంది. మీరు చూసిన నారింజ రంగు ఫొటోలో ఉండదు. మాడిపోయిన చోట వివరాలేవీ మిగలవు కాబట్టి తర్వాత ఎడిటింగ్‌లోనూ తిరిగి రాదు.

పగటిపూట దీనికి తలకిందులు. ఫ్రేమ్ నిండా మంచు ఉంటే మీటర్ దాన్ని తగ్గించి బూడిద రంగుకు దింపుతుంది.

తెల్లవారుజామున ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కను మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1తో మొదలుపెట్టి, చాలకపోతే మైనస్ 2 దాకా తగ్గించండి. హైలైట్ వార్నింగ్ ఆన్ చేసి ఉంచితే మాడిన భాగం మినుకుమినుకుమంటూ చూపిస్తుంది. శిఖరం మీద ఆ మినుకు ఆగేదాకా తగ్గించాలి. స్క్రీన్‌ను చూసి నిర్ణయించొద్దు. చీకట్లో స్క్రీన్ ఎప్పుడూ ఉన్నదాని కంటే కాంతివంతంగా అనిపిస్తుంది, ఫొటోలోని వెలుగు నీడలను గ్రాఫ్‌గా చూపే హిస్టోగ్రామ్‌నే నమ్మండి. సెన్సర్ పట్టిన వివరాలన్నీ ఉంచే రా ఫైల్‌లో తీయండి. ఫోన్ అయితే శిఖరం మీద వేలు నొక్కి పట్టి, ఫోకస్ లాక్ అయ్యాక సూర్యుడి గుర్తును కిందికి జరపండి. పగలు మంచు మీద ప్లస్ 1, అవసరమైతే మరికాస్త పెంచండి.

ఈ సెట్టింగులన్నీ ముందు రాత్రి టెంట్‌లోనే పెట్టేసుకోండి. రంగు మారడానికి కొన్ని నిమిషాలే పడుతుంది. వేళ్లు కొయ్యబారిన ఆ కొద్దిసేపట్లో మెనూలు వెతికితే కాంతి నారింజ నుంచి పసుపుకు, పసుపు నుంచి తెలుపుకు వెళ్లిపోతుంది.

లోయ నల్లగా వచ్చిందని దిగులు పడేవాళ్లు కొందరు. కావాలంటే శిఖరానికి ఒకటి, లోయకు ఒకటి తీసి ఇంటికొచ్చాక కలపొచ్చు. కానీ ఆ వేళ లోయ నిజంగానే చీకటిగా ఉంటుంది. దాన్ని బలవంతంగా వెలిగిస్తే కొండ మీది వెలుగు విలువ పోతుంది. దాన్ని నల్లగానే వదిలేయడం నాకు ఇష్టం.

"అంత పెద్ద పండిమ్ ఫొటోలో చిన్న గుట్టలా ఉంది"

ఫోన్‌లోని మామూలు లెన్స్ 24-26 ఎం.ఎం. వెడల్పు లెన్స్. దగ్గరున్న గడ్డిని పెద్దగా, దూరంగా ఉన్న కొండను చిన్నగా చూపడం దాని స్వభావం. అల్ట్రా వైడ్ పెడితే ఇంకా చిన్నదవుతుంది. కొండంతా ఫ్రేమ్‌లో పట్టాలని మనం నొక్కేది మాత్రం సరిగ్గా ఆ బటనే.

ఫోన్‌లో 2ఎక్స్ లేదా 3ఎక్స్ ఆప్టికల్ లెన్స్ వాడండి. ముఖ్యంగా కొలత చూపించే వస్తువు ఒకటి ఫ్రేమ్‌లో ఉండాలి. దీన్ని ప్రయత్నించడానికి థన్సింగ్‌ను మించిన చోటు లేదు. విశాలమైన చదును మైదానం, పైన పండిమ్. టెంట్ దగ్గర నిలబడి తీయకుండా, టెంట్‌కు దూరంగా వెనక్కి నడిచి జూమ్ చేయండి. టెంట్ చిన్నదిగానే ఉంటుంది, దాని వెనక కొండ లేచి నిలబడుతుంది. మైదానం కాబట్టి వెనక్కి నడవొచ్చు గానీ, వ్యూ పాయింట్ దగ్గర మొరైన్ (హిమానీనదం పేర్చిన రాళ్లమట్టి) గట్టు మీద స్క్రీన్ చూస్తూ ఒక్క అడుగు కూడా వేయకండి.

కెమెరా మోసేవాళ్లకు లెన్స్ సంగతి ఒక మాట. మూడు లెన్సులు మోసుకెళ్లి ఒకటే వాడేవాళ్లు ఎక్కువ. 18-135 ఎం.ఎం. లేదా 24-105 ఎం.ఎం. లాంటి ఒకే జూమ్ ఈ దారికి సరిపోతుంది. గాలిలో లెన్స్ మార్చే అవసరం రాదు కాబట్టి, ఆకాశం నిండా కనిపించే సెన్సర్ దుమ్ము మచ్చల బాధ కూడా చాలావరకు తప్పుతుంది.

"పట్టపగలు తీసినవి కూడా కదిలిపోయాయి"

నాలుగు వేల మీటర్లు దాటాక ఆయాసంతో ఛాతీ ఎగసిపడుతుంటుంది, దాంతో పాటు చేతులూ కదులుతాయి. ఎక్కి రాగానే తీయకండి. ఊపిరి కుదుటపడే వరకు ఆగి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదిలాక బటన్ నొక్కండి. ట్రెకింగ్ పోల్ మీద చెయ్యి ఆనించినా చాలా తేడా ఉంటుంది. షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గనివ్వకండి, అందుకు ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాల్సి వస్తే పెంచండి. కాస్త గ్రెయిన్ ఉన్న ఫొటో పనికొస్తుంది, కదిలిన ఫొటో పనికిరాదు. సాచెన్ అడవిలో పగలే చీకటిగా ఉంటుంది కాబట్టి అక్కడ కూడా ఇదే పద్ధతి.

"ఫోన్ ఫొటోలన్నిటికీ పాలపొర కప్పినట్టుంది"

పొగమంచు అనుకుంటారు. చాలాసార్లు అది సన్‌స్క్రీన్. ముఖానికి రాసుకున్న వేళ్లతోనే ఫోన్ పట్టుకుంటాం, జిడ్డు లెన్స్‌కు అంటుతుంది. ఎండకు ఎదురుగా తీస్తే కాంతి చెదిరిపోతుంది. ఫొటో తీసే ముందు తుడవడం ఒక్కటే మందు.

చిన్నచిన్నవి కొన్ని

మంచు మీద నీడలు మరీ నీలంగా వస్తుంటే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా డేలైట్‌లో పెట్టండి. ఇంకా నీలంగా ఉంటే క్లౌడీకి మార్చండి. ఆకాశం ఒక పక్క నల్లగా, ఇంకో పక్క లేతగా వస్తే అది వెడల్పు లెన్స్ మీద పెట్టిన పోలరైజర్ ఫిల్టర్ వల్ల. తీసేయండి, అంత ఎత్తులో ఆకాశం ఎటూ ముదురు నీలమే.

జోంగ్రిలో నక్షత్రాలు మసకగా వస్తే లెన్స్ మీది ఇన్ఫినిటీ గుర్తును నమ్మకండి. లైవ్ వ్యూలో ఒక వెలుగైన నక్షత్రాన్ని పెద్దది చేసి, చేత్తో ఫోకస్ చేయండి. అవి గీతల్లా సాగితే 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (ఎం.ఎం.లో) భాగించండి, వచ్చినన్ని సెకన్లకు మించి షట్టర్ తెరిచి ఉంచకండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 24 ఎం.ఎం. దగ్గర సుమారు 20 సెకన్లు దాటకూడదు.

ఒకే పెద్ద కార్డు బదులు రెండు మూడు చిన్నవి వాడండి, దారిలో ఏదీ ఫార్మాట్ చేయకండి.

"ఇన్ని ఫొటోలున్నా ట్రెక్ కనిపించడం లేదు"

వందల శిఖరాలు, నలుగురైదుగురి వీపులు ఉంటాయి, అంతే. కెమెరా బ్యాగ్ లోపల ఉంటే ఆగినప్పుడే బయటికొస్తుంది, ఆగేది వ్యూ పాయింట్ల దగ్గరే. భుజం పట్టీకి బిగించే క్లిప్ కొనుక్కోండి, కెమెరా ఛాతీ దగ్గర ఉంటుంది. అప్పుడప్పుడు గుంపు కంటే ముందు నడిచి, వెనక్కి తిరిగి ముఖాలు తీయండి. ప్రేక్ చూ నది మీది వంతెనలు, మీ సామాను మోసే జోలు (యాక్, ఆవుల సంకర పశువులు), తెల్లారకముందే లేచి టీ కాచే వంటవాళ్లు, ఏప్రిల్, మే నెలల్లో అయితే త్షోకా పైన పూసే రోడోడెండ్రాన్లు, వీటిని వదలకండి. మనుషులను తీసే ముందు అడగండి, వాళ్ల నంబర్ తీసుకుని ఇంటికొచ్చాక ఫొటో పంపండి. పశువులు వస్తున్నప్పుడు కొండవైపు జరిగి నిలబడే తీయాలి, లోయ అంచు వైపు కాదు.

"ఫోకస్ కుదరడం లేదు, రోజూ వాడే బటన్ ఎక్కడుందో గుర్తు రావడం లేదు"

దీనికి కెమెరాలో కారణం వెతకొద్దు. తలనొప్పి, వికారం, నడకలో తూలడం, తికమక కూడా ఉంటే అది ఎత్తు వల్ల వచ్చే జబ్బు కావచ్చు. తూలడం, తికమకల్లో ఏ ఒక్కటి ఉన్నా అది మెదడు వాపుకు సంకేతం కావచ్చు, ప్రాణానికే ముప్పు. వ్యూ పాయింట్ ఇంకో గంట దూరమే అని లెక్కలు వేయకండి. వెంటనే గైడ్‌కు చెప్పండి. ఒంటరిగా కాకుండా తోడుతో, రాత్రయినా సరే కిందికి దిగండి. కెమెరా బ్యాగ్ ఇంకొకరికి ఇచ్చేయండి.