పెంపుడు కుక్కకు మాట నేర్పడం – నాలుగవ పాఠం: పిలిస్తే రావడం

గత పాఠంలో చెప్పిన 'కూర్చో' అనే మాటను మీ కుక్క ఇంట్లోనూ వాకిట్లోనూ పదిసార్లకు ఎనిమిదిసార్లయినా వింటూ ఉంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి. లేకపోతే మరో వారం అక్కడే ఆగండి, నష్టమేమీ లేదు.

నేర్పవలసిన మాటలన్నిటిలోకీ విలువైనది పిలుపేనని నా నమ్మకం. తెరిచి ఉన్న గేటులోంచి లారీలు తిరిగే రోడ్డు వైపు పరుగుతీసిన కుక్కను వెనక్కి తేగలిగేది మన గొంతు ఒక్కటే.

ముందుగా మాటను ఎంచుకోవాలి. చాలామంది 'రా' అని పిలుస్తారు. అయితే మన ఇళ్ళలో 'ఏంట్రా', 'తిన్నావురా', 'పోరా' అంటూ తెల్లవారింది మొదలు ఆ శబ్దం కుక్క చెవిన పడుతూనే ఉంటుంది. వాక్యం తెలియని ఆ ప్రాణి, తనకు సంబంధం లేకుండా వందసార్లు విన్న శబ్దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే మన నెల్లూరు క్లబ్బులో, ఇటువైపు వాడుకలో ఉన్న 'దా' అనే మాటను పెట్టుకున్నాం. మీ ఇంట్లో మనుషులను కూడా 'దా' అనే పిలుస్తుంటే ఈల వాడండి. ఏది ఎంచుకున్నా తాతగారి నుంచి చిన్నపిల్లల దాకా అందరూ అదే వాడాలి.

మొదటి మూడు రోజులు సాధన ఇంట్లోనే. ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలుగా చేసుకోండి. కుక్కకు రెండడుగుల దూరంలో నిలబడి, ఒక్కసారే 'దా' అని, వెంటనే రెండడుగులు వెనక్కి వేయండి. దూరమవుతున్నదాని వెంట పడడం కుక్క స్వభావం. అది మీ మోకాళ్ళ దగ్గరికి వచ్చాక ఒక చేత్తో మెడబెల్టు పట్టుకుని, రెండో చేత్తో ముక్క పెట్టండి. బెల్టు పట్టుకోవడం మరిచిపోతే, ముక్క లాక్కుని పారిపోవడం కూడా నేర్చుకుంటుంది. భోజనానికి ముందు, పూటకు ఐదారు సార్లు చాలు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రచురించిన, పెట్టెలో ఉంచిన పిల్లుల ప్రయోగాలలో, ఏ పని వల్ల పెట్టె తలుపు తెరుచుకుని తిండి దొరికిందో ఆ పనిని పిల్లి రానురాను త్వరగా చేయసాగింది. మన శిక్షణకు ఆధారం అదే. అయితే ఇది రెండువైపులా పనిచేస్తుంది. చాలా ఏళ్ళ క్రితం మా ఇంటి నాటుకుక్క వీధిలోకి పారిపోయి, ఎంతో సేపటికి నా పిలుపు విని వచ్చింది. కంగారులో దాన్ని కొట్టాను. పారిపోయినందుకు కొట్టానని నేననుకున్నాను. వచ్చినందుకు కొట్టానని అది అర్థం చేసుకుంది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు నేను పిలిస్తే నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయేది. ఆ బాధ నాకింకా పోలేదు. ఎంత ఆలస్యంగా వచ్చినా, వచ్చిన కుక్కను కోప్పడవద్దు. స్నానానికో ఇంజెక్షనుకో తీసుకుపోవాలంటే పిలవకుండా, మీరే దాని దగ్గరికి వెళ్ళండి.

నాలుగో రోజు నుంచి పెరట్లో 5 మీటర్ల తాడు కట్టి చేయించండి. తాడు పారిపోకుండా ఆపడానికే, లాగడానికి కాదు. పిలుపు విని రాకపోతే మళ్ళీ మళ్ళీ అరవకుండా దగ్గరికి నడిచి వెళ్ళి, దూరం సగానికి తగ్గించి మొదలుపెట్టండి. వచ్చిన ప్రతిసారీ ఆట ఆపి కట్టేస్తే పిలుపంటే స్వేచ్ఛ పోవడమేననుకుంటుంది కాబట్టి, ఎక్కువసార్లు ముక్క పెట్టి మళ్ళీ ఆడుకోవడానికి వదిలేయండి.

మన ఎండల్లో ఈ సాధన ఉదయం 7 గంటలలోపు ముగించాలి. కుక్క ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. తారురోడ్డుపై మీ చేతి వెనుకభాగాన్ని ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలు కూడా కాలుతాయి.

ఆదివారం మైదానానికి 10 మీటర్ల తాడు, తాగడానికి నీళ్ళు తెచ్చుకోండి. అప్పటిదాకా పెన్న ఒడ్డునగానీ మైపాడు తీరంలోగానీ తాడు విప్పవద్దు.


(తరువాయి పాఠం: 'ఉండు')