విత్తనం వేయకముందే డబ్బు కట్టండి: పొలంలో వాటా తీసుకోవడం ఎలా

రైతు దగ్గర మంచి రేటుకి కొంటే చాలు, సాయం చేసినట్టే అనుకుంటాం కదా, కానీ రైతుకి డబ్బు అవసరం పడేది పంట చేతికొచ్చాక కాదండీ, దుక్కి దున్ని విత్తనాలు కొనేటప్పుడు. అప్పుడు చేతిలో లేకే అప్పు చేస్తారు, ఆ అప్పు తీర్చడానికే కోత కాగానే వచ్చిన రేటుకి అమ్మేస్తారు. అందుకే కొన్ని కుటుంబాలు కలిసి సీజన్ మొదట్లోనే పెట్టుబడి ఇచ్చి, పండినదాంట్లో వారం వారం వాటా తీసుకునే పద్ధతి వచ్చింది. జపాన్‌లో 1970ల్లో తేకేయ్ పేరుతో ఊపందుకుంది, అమెరికాలో 1986లో రెండు పొలాలతో మొదలైంది, ఫ్రాన్స్‌లో 2001 నుంచి అమాప్ అంటున్నారు.

దగ్గర్లో ఇలాంటి పొలం ఉంటే డబ్బు కట్టేముందు ఒకసారి వెళ్లి చూడండి. నీళ్లెక్కడివి, మందులు కొడతారా అని ఎలాగూ అడుగుతారు, దాంతోపాటు పోయిన సీజన్‌లో ఏ పంట పోయింది, అప్పుడు సభ్యులకి ఏమిచ్చారు అని కూడా అడగండి. అన్నీ బాగానే పండాయి అనేవాళ్లకంటే ఫలానా పంటకి పురుగొచ్చి పోయింది, రెండు వారాలు తక్కువ ఇచ్చాం అని చెప్పే రైతునే నేను నమ్ముతాను.

లేకపోతే మీరే మొదలుపెట్టొచ్చు, పది పదిహేను ఇళ్లతో మొదలైనా చాలు. రైతుని వెతికేటప్పుడు మాత్రం జాగ్రత్త, ఒకే పంట వేసే అలవాటున్నవాళ్లకి ఇది కష్టం, ఎందుకంటే ప్రతివారం నాలుగైదు రకాలు ఇవ్వాలంటే ఒకేసారి విత్తితే కుదరదు, రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెం విత్తుతూ పోవాలి.

తర్వాత అందరూ కూర్చుని సీజన్ ఖర్చు కాగితం మీద రాయండి. విత్తనాలు, ఎరువు, కూలీ, రవాణా అన్నీ రాస్తారు గానీ రైతు కుటుంబం బతకడానికి కావాల్సిన డబ్బు రాయడం మర్చిపోతారు, దయచేసి అది ముందు రాయండి. మొత్తాన్ని వాటాలతో భాగిస్తే ఒక్కొక్కరు కట్టాల్సింది తేలుతుంది, కిలో ఎంత పడింది అని బజారు రేటుతో పోల్చుకోకండి, మీరు కొంటున్నది కిలోలు కాదు. జర్మనీలో కొన్నిచోట్ల ఒక మంచి పద్ధతి ఉంది, సగటు ఎంతో చెప్పి ఎవరు ఎంత ఇవ్వగలరో చీటీ మీద రాసివ్వమంటారు, మొత్తం సరిపోకపోతే ఇంకో రౌండ్. ఉన్నవాళ్లు ఎక్కువిస్తే లేనివాళ్లు తక్కువకే చేరగలుగుతారు, ఎవరూ తలదించుకోనక్కర్లేదు.

ఎన్ని వారాలు ఇస్తారు, ఏ రోజు, వాయిదాలు ఉన్నాయా, ఊరెళ్తే ఆ వారం వాటా ఎవరికి, ఇవన్నీ ఒక పేజీలో రాసి సంతకాలు పెట్టుకోండి. వడగళ్లు పడి పంట పోతే డబ్బు వెనక్కి రాదు అన్న మాట మొదటి లైన్‌లోనే ఉండాలి, అదొక్కటి ఒప్పుకోలేనివాళ్లు చేరకపోవడమే మంచిది.

వాటా ఇంటికి తెచ్చిన రోజు ఒక అరగంట దానికే పెట్టుకోండి. ముల్లంగి, క్యారెట్‌కి ఆకులు వెంటనే కోసేయాలి, వదిలేస్తే దుంపలో తేమంతా లాగేసి రెండ్రోజుల్లో మెత్తబడిపోతాయి. ఆకుకూరలు కడక్కుండా పొడిగుడ్డలో చుట్టి పెట్టండి.

వచ్చే సీజన్‌కి ఉంటారో లేదో కోతలు అయిపోకముందే చెప్పేయండి, రైతు విత్తనాలు కొనేది ఆ లెక్క చూసుకునే.