చలి ప్రాంతపు మేతబీళ్లలో గులకరాతి నేలను గుర్తించి వర్గీకరించే తీరు

మీటరు లోతు గొయ్యి తవ్వి, ఒక గోడను ఎండ పడేలా నున్నగా చెక్కండి. పొరల హద్దులు గుర్తించాక రాళ్ల లెక్క మొదలుపెట్టండి. అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

2 మి.మీ. జల్లెడపై నిలిచేదంతా రాయే. అమెరికా నేల వర్గీకరణ అడిగేది రాళ్ల ఘనపరిమాణ శాతం, బరువు శాతం కాదు. ఘన సెం.మీ.కు రాయి సాంద్రత సుమారు 2.65 గ్రాములు, మట్టిది 1.3 అనుకుంటే, బరువులో సగం రాళ్లున్న నమూనాలో రాళ్ల ఘనపరిమాణం మూడో వంతే. ఘనపరిమాణంలో 35 శాతం లేదా అంతకు మించి రాళ్లున్న నేలను ‘స్కెలెటల్’ (రాళ్ల నేల) అంటారు; బరువునే రాసేస్తే ఆ గీత దాటని నేల కూడా ‘స్కెలెటల్’ అయి కూర్చుంటుంది. బంకమట్టి పేరుకున్న పొర, గట్టి పొర వంటివేవీ లేని లోతైన నేలలో ఈ శాతాన్ని 25 నుంచి 100 సెం.మీ. మధ్య సగటుగా చూడాలి. సన్నమట్టిలో (జల్లెడ దాటిన మట్టిలో) బంకమట్టి 35 శాతం లోపుంటే, అది ఇసుక నేల కాకపోతే, ‘లోమీ స్కెలెటల్’.

రాళ్లను తిప్పి అడుగు చూడండి. దిగే నీరు రాతి కింద నిలిచి ఆరుతుంది కాబట్టి తెల్లటి సున్నపు పెచ్చు అక్కడే కడుతుంది. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్కను సన్నమట్టి మీద విడిగా వేయండి; పొంగితే సున్నం ఉన్నట్టే. సున్నపురాయి ముక్క తానే పొంగి మోసం చేస్తుంది.

పై పొర మట్టిని తడిపి, దాని రంగును మన్‌సెల్ పట్టీతో (నేల రంగుల ప్రామాణిక పట్టీ) పోల్చండి: వాల్యూ (రంగు వెలుగు), క్రోమా (రంగు గాఢత) రెండూ 3 లేదా అంతకు తక్కువైతే ‘మోలిక్’ (ముదురు రంగు, సారవంతమైన పై పొర) కావచ్చు. దానికి కావలసిన క్షార సంతృప్తత (మట్టి పట్టి ఉంచే అయాన్లలో కాల్షియం, మెగ్నీషియం వంటి క్షారాల వాటా) 50 శాతం దాటిందో లేదో ప్రయోగశాలే తేల్చాలి.

50 సెం.మీ. లోతున వార్షిక సగటు ఉష్ణోగ్రత 0 నుంచి 8 డిగ్రీల లోపుండి, వేసవిలోనూ నేల చల్లగా ఉంటే ‘క్రయిక్’ (చలి నేలల ఉష్ణోగ్రత వర్గం). ఒక్కరోజు కొలతతో ఇది తేలదు.

మేత అంచనాకు నీటి నిల్వ లెక్కేసేటప్పుడు రాళ్ల శాతం తప్పక తీసేయండి.