పిన్ భాబా పాస్‌కి వెళ్లేవాళ్లు ఒక రోజు అదనంగా పెట్టుకోండి

పిన్ భాబా పాస్ అంటే కొండల మీదుగా అవతలి లోయలోకి దాటే కనుమ, ఎత్తు 4,915 మీటర్లు. హిమాచల్‌లో కిన్నౌర్ వైపున్న కాఫ్నూ ఊరి నుంచి ఎక్కి, అవతల స్పితిలోని ముద్ గ్రామంలో దిగుతాం. మధ్యలో దుకాణం లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, గొర్రెలు మేపుకునే గద్దీ కాపరులు ఎదురైతే వాళ్లే మనుషులు. నాకు ఆ దారి నచ్చేది కూడా అందుకే. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వెళ్లొచ్చు, కానీ దారి తెలిసిన స్థానిక గైడ్ లేకుండా మాత్రం వద్దు.

అన్నిటికంటే ముందు ఎత్తు సంగతి. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంటుంది, విజయవాడ ఇంకా కింద. అక్కడి నుంచి వెళ్లి గబగబా ఎక్కేస్తే ఒంటికి అలవాటుపడే టైమ్ ఉండదు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు. దారిలో రాత్రికి టెంట్లు వేసుకునే చోట్లలో ములింగ్ సుమారు 3,250, కారా 3,560, ఆ తర్వాతి ఫుస్తిరంగ్ 4,100 మీటర్ల దగ్గర ఉంటాయి కాబట్టి కారాలో రెండు రాత్రులు ఉండండి. మధ్యలో దొరికిన పగలు ఖాళీగా కూర్చోకుండా ఓ రెండు మూడు వందల మీటర్లు ఎక్కి, మళ్లీ కిందికే వచ్చి పడుకోండి.

మా జట్టులో ఒకతను కారాలో రాత్రి ప్లేటు ముట్టుకోలేదు, అలసిపోయాను అన్నాడు. పొద్దున టీ కూడా వద్దన్నాక అడిగితే, అప్పుడు చెప్పాడు, ముందు రోజు మధ్యాహ్నం నుంచే తలనొప్పి అని. అందరి ప్లాన్ చెడుతుందని చెప్పలేదట. ములింగ్‌కి దించాం, సాయంత్రానికి గిన్నెడు ఖిచిడీ తిన్నాడు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం ఉంటే ఇంకా పైకి ఎక్కకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గీత మీద అడుగులో అడుగేసి నడవలేక తూలుతున్నా రాత్రయినా సరే వెంటనే కిందికి దించాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ఎత్తుకి ఒళ్లు అలవాటుపడటానికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలంటే బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ మాట తప్పకుండా చెప్పండి.

తిండి విషయంలో మనవాళ్లు బియ్యం మోసుకెళ్లి ఇబ్బంది పడతారు. ఫుస్తిరంగ్ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది, పప్పు అసలు ఉడకదు. ఇంట్లోనే రవ్వ దోరగా వేయించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు వేసి, ఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాక ఒక్కో పూటకి ఒక్కో కవర్ కట్టుకోండి. వేడినీళ్లు పోసి మూతపెడితే చాలు, కరివేపాకు వాసనకే సగం ఆకలి తిరిగొస్తుంది. నడిచేటప్పుడు జేబులో పల్లీచిక్కీ ఉంచుకోండి. గ్యాస్ సిలిండర్‌ని విమానంలో రానివ్వరు, అది గైడ్‌తోనే తెప్పించుకోవాలి.

వాగులు పొద్దున్నే దాటాలి, ఎండెక్కి మంచు కరిగితే పొద్దున మోకాలి లోతున్న నీళ్లే మధ్యాహ్నానికి మనిషిని లాగేస్తాయి. టెంట్ వాగు ఒడ్డున కాకుండా కాస్త మెరకలో, తలుపు గాలికి ఎదురు లేకుండా వేసుకోండి. పవర్ బ్యాంక్‌ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి, చలికి చార్జ్ తొందరగా దిగిపోతుంది. పడుకునేటప్పుడు వేసుకునే పొడి సాక్సులు ఒక జత విడిగా ఉంచుకుని, ఎంత తడిసినా పగలు వాటిని ముట్టుకోకండి.

పాస్ ఎక్కే రోజు చీకటితోనే బయల్దేరండి, ఎండకి మంచు మెత్తబడితే కాలు దిగబడుతుంది. ఇవతల అంతా పచ్చిక, అవతల పిన్ లోయలో ఒక్క చెట్టు కనపడని ఎర్రటి, గోధుమరంగు కొండలు. అక్కడ పది నిమిషాలు నిలబడి చూడండి, గైడ్ తొందరపెడితే మాత్రం దిగిపోండి.

శాటిలైట్ ఫోన్ తీసుకెళ్దాం అనుకోకండి, మన దేశంలో అనుమతి లేకుండా వాడితే నేరం. కాబట్టి ఇంట్లోవాళ్లకి తిరిగొచ్చే తేదీ చెప్పేటప్పుడే ఆ అదనపు రోజు కలిపి చెప్పండి, గైడ్ నంబర్ కాగితం మీద రాసివ్వండి, సిగ్నల్ దొరికిన మొదటి చోటే ఫోన్ చేయండి.