రాసుకోండి, రాసి చెప్పండి

కృతజ్ఞతలు రాసుకునే అలవాటుకు రోజూ కూర్చోనక్కర్లేదు, వారానికోసారి చాలు. 2003లో ఎమన్స్, మెకల్లో అనే అమెరికా మనస్తత్వవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో పది వారాలు అలా రాసినవారు, చిరాకులు రాసినవారికంటే తమ జీవితం బాగుందన్నారు. వ్యాయామమూ ఎక్కువ చేశారు. అయితే ప్రతిసారీ ‘ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం’ అని రాస్తే హాజరుపట్టీ నింపినట్టే. ‘లిఫ్టు పాడైన రోజు గ్యాస్ బండ మూడో అంతస్తుకు మోసుకొచ్చిన అబ్బాయి’ అని రాయండి.

రాశాక ఆ మనిషికి చెప్పండి. అసలు చిక్కు ఇక్కడే. బయటివాళ్లకు చెప్పడం తేలికే. అత్తయ్యకో తమ్ముడికో చెప్పాలంటే మనకు నోరు పెగలదు. వాళ్లు ఇబ్బందిపడతారేమోనని శంక. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కృతజ్ఞతల ఉత్తరం అందుకున్నవారు రాసినవారు ఊహించినంత ఇబ్బందిపడలేదు, ఊహించినదానికంటే ఎక్కువ సంతోషించారు. అందుకని మాటలు వెతుక్కోకుండా జరిగింది జరిగినట్టు పంపండి: “అత్తయ్యా, నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మీరు క్యారియరు పంపబట్టే అమ్మ వేళకు తినగలిగింది.” పూలబొమ్మల ఫార్వర్డులు వద్దు. అదే మెసేజిలో ఇంకో సాయం అడగడం అసలే వద్దు.