ఫోర్-యాక్సిలరేషన్ లెక్క తప్పుతోందా?

సమస్య: స్పెషల్ రిలేటివిటీలో ఫోర్-వెలాసిటీకి (కాలాన్ని కూడా కలుపుకున్న నాలుగు భాగాల వేగం), ఫోర్-యాక్సిలరేషన్‌కి (వస్తువు సొంత గడియారం ప్రకారం దాని మార్పు రేటు) డాట్ ప్రోడక్ట్ తీస్తే సున్నా రావడం లేదు.

కారణం: గామాను (కాంతి వేగానికి దగ్గరయ్యేకొద్దీ పెరిగే గుణకం) స్థిరాంకం అనుకుని అవకలనం చేసి ఉంటారు. వేగం పరిమాణం మారుతుంటే గామా కూడా మారుతుంది. ల్యాబ్ టైమ్‌తో (ల్యాబ్ గడియారం చూపే కాలంతో) దాని అవకలనం విలువ: గామా ఘనాన్ని వేగం, త్వరణాల డాట్ ప్రోడక్ట్‌తో గుణించి, కాంతి వేగం వర్గంతో భాగించినంత. మా క్లాసుల్లో ఎక్కువమంది వదిలేసేది ఈ పదాన్నే.

పరిష్కారం: ఆ పదం చేర్చి మళ్లీ చేయండి. ఫోర్-వెలాసిటీ వర్గం ఎప్పుడూ కాంతి వేగం వర్గమే, మారదు. అందుకే డాట్ ప్రోడక్ట్ సున్నా అయి తీరాలి.

సమస్య: సున్నా వచ్చింది, అయినా జవాబు తప్పు.

ఇది పట్టుకోవడం కష్టం. ప్రాపర్ టైమ్‌కి (వస్తువు సొంత గడియారం చూపే కాలానికి) బదులు ల్యాబ్ టైమ్‌తో అవకలనం చేసినా సున్నానే వస్తుంది, కానీ జవాబు ఒక గామా మేర తగ్గిపోతుంది. కాబట్టి పరిమాణం కూడా చూడాలి: వస్తువుతో పాటు ఆ క్షణంలో అదే వేగంతో కదిలే ఫ్రేమ్‌లో (కొలతలు తీసే చోటు నుంచి చూస్తే) కాల భాగం సున్నా, మిగిలేది వస్తువు అనుభవించే త్వరణం. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1977లో ఫలితాలు వెలువడిన సెర్న్ (యూరప్ కణ భౌతిక పరిశోధన కేంద్రం) మ్యూవాన్ రింగ్. ఎలక్ట్రాన్ లాంటివే అయినా బరువైన మ్యూవాన్ కణాలు అందులో గుండ్రంగా తిరుగుతాయి. వ్యాసం 14 మీటర్లు, గామా సుమారు 29.3. వృత్తాకార చలనంలో త్వరణం వేగానికి లంబంగా ఉంటుంది, గామా మారదు. వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించి గామా వర్గంతో గుణిస్తే, మ్యూవాన్ అనుభవించే త్వరణం భూమి గురుత్వ త్వరణానికి సుమారు 10 టు ది పవర్ 18 రెట్లు. ఒక గామా మరిచిపోతే 29 రెట్లు తక్కువ చూపిస్తుంది.

సమస్య: “త్వరణం ఉందంటే జనరల్ రిలేటివిటీ కావాలి కదా సార్?”

అక్కర్లేదు. గురుత్వాకర్షణ లెక్కలోకి రానంతవరకు స్పెషల్ రిలేటివిటీ చాలు. అంత త్వరణంలోనూ ఆ మ్యూవాన్ల ఆయుష్షు 2.2 నుంచి సుమారు 64 మైక్రోసెకన్లకు పెరిగింది. అది వేగం ఒక్కదాన్నే వాడే గామా సూత్రం చెప్పినంతే.

సమస్య: రాకెట్‌కి సెకనుకి సెకనుకి 9.8 మీటర్ల త్వరణం ఇస్తే ఏడాదిలో కాంతి వేగం దాటుతోంది.

కారణం: ఆ 9.8 రాకెట్‌లోని మనిషికి తెలిసే త్వరణం. మీరు దాన్ని భూమి ఫ్రేమ్‌లో స్థిరంగా పెట్టారు. సరిగ్గా చేస్తే భూమి గడియారంలో ఏడాదికి వేగం కాంతి వేగంలో 0.72 వంతు. రాకెట్ గడియారంలో ఏడాదికి హైపర్బోలిక్ టాన్‌తో 0.77 వంతు వస్తుంది. ఏ గడియారమో లెక్క మొదటి వరుసలోనే రాసుకోండి.